అట్ట వెనక పేర్లు చదవండి: 1970ల జాజ్ ఫ్యూజన్, సింథసైజర్ రికార్డుల్లోకి దారి

జాజ్ ఫ్యూజన్ (జాజ్‌లో రాక్, ఫంక్, ఎలక్ట్రిక్ వాయిద్యాలు కలిపిన సంగీతం) అని టైప్ చేసి మొదట కనిపించిన ప్లేలిస్ట్ నొక్కితే గంట తిరక్కుండానే విసుగొస్తుంది. 1969లో ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ చేసిన ప్రయోగాల నుంచి 1980ల చివర్లో హోటల్ లాబీల్లో మోగిన మెత్తటి శాక్సోఫోన్ దాకా అన్నిటికీ అదే పేరు తగిలించేశారు. సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యం) సంగీతం పరిస్థితీ అంతే. పైగా ప్లేలిస్టులు జనం ఎక్కువగా విన్నదాన్నే మళ్ళీ ముందుకు తెస్తాయి కాబట్టి ఎన్ని మార్చినా ఆ పది పదిహేను ట్రాకులే తగులుతుంటాయి.

ఈ సంగీతంలో దారి తప్పకుండా తీసుకెళ్ళేవి మూడే వివరాలు: ఎవరు వాయించారు, దేని మీద వాయించారు, ఏ ఏడాదిలో వాయించారు. ఇవి మూడూ ఆల్బమ్ అట్ట వెనక అచ్చయి ఉంటాయి. ఆ కాలపు కళాకారులు ఒకరి రికార్డులో ఒకరు తెగ వాయించేవారు. వాయిద్యాలేమో రెండు మూడేళ్ళకోసారి మారిపోయేవి. అందుకని పేరు పట్టుకుని వెళితే మంచి రికార్డులు వాటంతటవే బయటపడతాయి. కిందిదంతా ఆ పని ఎలా చేయాలో.

ముందు మూడు రికార్డులు

ఇరవై ఆల్బముల జాబితాతో మొదలుపెట్టకండి. మూడు చాలు: మైల్స్ డేవిస్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’ (1969), హెర్బీ హాంకాక్ ‘హెడ్ హంటర్స్’ (1973), బెర్లిన్ బృందం టాంజరీన్ డ్రీమ్ ‘ఫేడ్రా’ (1974). మూడూ కలిపి రెండు గంటలు. ఒక్కొక్కటీ వేరే రోజు, మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో ఆపకుండా వినండి.

‘ఇన్ ఎ సైలెంట్ వే’లో ఉన్నవి రెండే ట్రాకులు, ఎల్‌పీకి ఒక్కో వైపు ఒకటి. 1969 ఫిబ్రవరి 18న న్యూయార్క్‌లో రికార్డయింది. అందులో ముగ్గురు కీబోర్డ్ కళాకారులు ఒకేసారి వాయిస్తారు: హెర్బీ హాంకాక్, చిక్ కొరియా, జో జావినుల్. గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్, సొప్రానో శాక్సోఫోన్ వేన్ షార్టర్, బేస్ డేవ్ హాలండ్, డ్రమ్స్ టోనీ విలియమ్స్. ఈ పేర్లు కాగితం మీద రాసుకోండి. తర్వాతి పదేళ్ళ ఫ్యూజన్‌లో సగం ఇక్కడి నుంచే పుట్టింది. జావినుల్, షార్టర్ కలిసి వెదర్ రిపోర్ట్ పెట్టారు. మెక్‌లాఫ్లిన్ మహావిష్ణు ఆర్కెస్ట్రా, కొరియా రిటర్న్ టు ఫరెవర్, హాంకాక్ తన సొంత బృందాలు, విలియమ్స్ లైఫ్‌టైమ్. ఒక్క అట్ట చదివితే ఐదు దారులు తెరుచుకున్నాయి.

వినేటప్పుడు ఒక పరీక్ష చేయండి. రెండో వైపు మొదటి నాలుగు నిమిషాలు శ్రద్ధగా విని, తర్వాత చివరి నాలుగు నిమిషాలు వినండి. అవి అచ్చంగా ఒకటే, ఎందుకంటే అది ఒకే టేపు. నిర్మాత టియో మసెరో మొదటి భాగాన్ని నకలు తీసి చివర అతికించాడు. మొదటి వైపు కూడా ఇదే కత్తిరింపు, ఇదే అతుకు. ఇది తెలియకముందు ఆ సంగీతం నడక వింతగా తోస్తుంది. తెలిశాక ఒక విషయం అర్థమవుతుంది: ఈ రికార్డుల్లో సగం పని వాయించినప్పుడు జరిగితే, మిగతా సగం బ్లేడుతో టేపు కోసినప్పుడు జరిగింది. మరుసటి ఏడాది వచ్చిన ‘బిచెస్ బ్రూ’ కూడా అలా అతికించిందే. కానీ దాన్ని మొదటి వారం ముట్టుకోకపోవడమే మంచిది. రెండు ఎల్‌పీల నిండా గంటన్నర దట్టమైన సంగీతం అది. ఈ శైలి వినడం మొదలుపెట్టి వదిలేసినవారిలో చాలామంది అక్కడే ఆగిపోతారు.

‘హెడ్ హంటర్స్’ మొదటి ట్రాక్ ‘కమీలియన్’ పదిహేను నిమిషాల పైచిలుకు. మొదట బేస్ వరస ఒంటరిగా వస్తుంది. అది బేస్ గిటార్ కాదు, ఆర్ప్ ఒడిస్సీ సింథసైజర్. తర్వాత హార్వీ మేసన్ డ్రమ్స్ చేరతాయి. మెల్లగా ఒక్కొక్క పొరా పైన పడుతుంది. చాలాసేపటి తర్వాతగానీ బెనీ మాపిన్ శాక్సోఫోన్ మీద అసలు స్వరం రాదు. ఈ మొదటి సగమంతా రెండే కార్డుల (chord, ఒకేసారి మోగే స్వరాల గుంపు) మీద నడుస్తుంది. ఎనిమిదో నిమిషం చుట్టుపక్కల నడక పూర్తిగా మారి, రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో సోలో మొదలవుతుంది. ఈ రికార్డులో గిటారిస్టే లేడు. గిటార్‌లా టకటకమని తెగి పడే ఆ లయ హోనర్ క్లావినెట్‌ది. గిటార్ చేసే పని కీబోర్డుకు అప్పగించాలన్న నిర్ణయమే ఈ రికార్డు ధ్వనిని మార్చేసింది.

‘ఫేడ్రా’లో డ్రమ్స్ లేవు, సోలోలు లేవు. మొదటి వైపంతా ఒకే ట్రాక్, పదిహేడు నిమిషాలకు పైగా. లయను నడిపేది మూగ్ సీక్వెన్సర్. కొన్ని స్వరాల వరసను ముందే అమర్చిపెడితే అది అదేపనిగా తిప్పుతూ ఉంటుంది. పాత మూగ్ సింథసైజర్లలో స్వరాన్ని పుట్టించే భాగాలు, అంటే ఆసిలేటర్లు, వేడికి శ్రుతి జారేవి. ఈ ట్రాక్‌లో ఆ జారుడు వినబడుతుంది, దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచారు. ఆ లోపమే ఇప్పుడు ఆ రికార్డుకున్న గొప్ప ఆకర్షణ.

మూడింటిలో మీ మనసు దేని మీద నిలిచిందో చూసుకోండి. మొదటిది నచ్చితే ఎలక్ట్రిక్ జాజ్ వైపు, రెండోది నచ్చితే జాజ్ ఫంక్ వైపు, మూడోది నచ్చితే బెర్లిన్ సింథసైజర్ వైపు వెళ్ళండి. మూడు వైపులా ఒకేసారి పరిగెత్తితే ఏదీ చెవికి పట్టదు.

వినే ముందు సర్దుకోవాల్సినవి

స్ట్రీమింగ్ యాప్ సెట్టింగుల్లో క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్ తగ్గుతుండగానే తర్వాతిది మొదలవడం) ఆపేయండి, గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ (మధ్యలో ఖాళీ లేకుండా మోగడం) పెట్టండి. ఈ ఆల్బముల్లో చాలా ట్రాకులు ఒకదాంట్లోకి ఒకటి జారతాయి. క్రాస్‌ఫేడ్ ఉంటే ఆ అతుకులన్నీ చెడిపోతాయి. షఫుల్ తీసేయండి. వాల్యూమ్ సమం చేసే సౌకర్యం ఉంటే ఆపేయండి, లేదా ఆల్బమ్ మొత్తానికి ఒకే లెక్క ఉండేలా పెట్టండి. లేకపోతే నెమ్మదైన ట్రాక్, హోరెత్తే ట్రాక్ ఒకే ఎత్తులో వినిపించి ఆల్బమ్ ఎత్తుపల్లాలు పోతాయి.

ఫోన్ స్పీకర్ మీద వినొద్దు. సింథసైజర్ బేస్ మూల స్వరాలు 50 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. చిన్న స్పీకర్లు ఆ ప్రాంతాన్ని అసలు పలకవు. ‘కమీలియన్’ ఫోన్ మీద విని ఇందులో ఏముందని అడిగేవాళ్ళు పాటకు ఆధారమైన పొరనే వినలేదన్న మాట. మామూలు వైర్ హెడ్‌ఫోన్లు సరిపోతాయి.

తర్వాత, మీరు వింటున్నది అసలు రికార్డేనా అని చూసుకోవాలి. ఇక్కడ ఎక్కువమంది పొరబడేది ఏడాది దగ్గర. యాప్‌లో కనిపించే ఏడాది చాలాసార్లు రీమాస్టర్ (ధ్వనిని మళ్ళీ సరిదిద్దిన కాపీ) విడుదలైనది. 1973 రికార్డుకు 2004 అని చూపిస్తుంది. ఎక్స్‌పాండెడ్ ఎడిషన్ అయితే అసలు ఆల్బమ్ అయిపోయాక మిగిలిపోయిన టేకులు వరసగా వస్తాయి. ఆల్బమ్ ఎంత బాగా ముగిసినా ఆ తర్వాత అదే పాట నాలుగుసార్లు మోగి ఆ ముద్ర చెరిపేస్తుంది. మొదటి విడుదలలో ఎన్ని ట్రాకులున్నాయో చూసి అక్కడితో ఆపండి. సింథసైజర్ హిట్స్ లాంటి పేర్లున్న సంకలనాల్లో ఎవరో మళ్ళీ వాయించిన నకళ్ళు ఎక్కువ. వీడియో సైట్లలో పెట్టిన పాత ఎల్‌పీ నకళ్ళలో టర్న్‌టేబుల్ వేగం తేడా వల్ల శ్రుతి పావు మెట్టో అర మెట్టో మారి ఉంటుంది. ఆ ట్రాక్‌తో పాటు మీ వాయిద్యం మీద వాయిద్దామంటే ఏ స్వరమూ కుదరదు.

మూడుసార్లు, మూడు రకాలుగా

ఒక ట్రాక్ నచ్చిందనుకోండి. మొదటిసారి బేస్, డ్రమ్స్ మాత్రమే వినండి. పైన ఏం జరిగినా పట్టించుకోవద్దు. బేస్ వరస ఎక్కడ మొదలై ఎక్కడ మళ్ళీ మొదటికొస్తుందో వేళ్ళ మీద లెక్కపెట్టండి. రెండోసారి కీబోర్డులే వినండి. ఎడమ చెవిలో ఒకటి, కుడి చెవిలో ఇంకొకటి ఉండొచ్చు. మూడోసారి అన్నీ కలిపి వినండి. ఫ్యూజన్ గందరగోళంగా ఉందనేవారికి సాధారణంగా జరిగేదేమిటంటే, సోలో వెంట పరిగెత్తి కింది పొరను వదిలేయడం. కింద ఉన్నది చాలాసార్లు చాలా చిన్నది, చాలా స్థిరమైనది. దాన్ని పట్టుకున్నాక పైన ఎంత దుమారం లేచినా తప్పిపోరు.

మహావిష్ణు ఆర్కెస్ట్రా దగ్గర లెక్క కష్టమవుతుంది. ‘ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్’ (1971), ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ (1973) రెండింటిలోనూ తాళాలు 4లోనే ఉండవు. అక్కడ డ్రమ్స్ బట్టి లెక్కపెట్టకండి. బిల్లీ కోబమ్ ప్రతి ఖాళీనీ నింపుతాడు, మీరు మునిగిపోతారు. గిటార్ లేదా బేస్ మీద తిరిగే వరసను పట్టుకుని, అది మళ్ళీ మొదలయ్యే చోట చప్పట్లు వేయండి. రెండు చప్పట్ల మధ్య ఎన్ని చిన్న దెబ్బలున్నాయో తర్వాత లెక్కించండి. 5 వస్తే తక తకిట, 7 వస్తే తకిట తకధిమి, 9 వస్తే తకధిమి తక తకిట అని నోటితో పలకండి. అంకెలు పలకడం కంటే ఇది చాలా తొందరగా వంట్లోకి ఎక్కుతుంది. మెక్‌లాఫ్లిన్ ఆలోచనా ఈ దారికి దగ్గరదే. ఆ తర్వాత ఆయన ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో శక్తి బృందం నడిపాడు.

చెవితో వాయిద్యాన్ని గుర్తుపట్టడం

ఈ విద్య వస్తే అట్ట చూడకుండానే రికార్డు ఏ కాలానిదో చెప్పేయొచ్చు. కాస్త ఓపిక పట్టి నేర్చుకోండి, ఇందులో ఉన్నంత ఆనందం మిగతా దేనిలోనూ లేదు.

రోడ్స్ ఎలక్ట్రిక్ పియానోలో చిన్న సుత్తి సన్నని లోహపు కడ్డీని కొడుతుంది, పక్కనున్న పికప్ ఆ కంపనాన్ని పట్టుకుంటుంది. మెల్లగా నొక్కితే గంటలా మోగుతుంది. గట్టిగా కొడితే గొంతు బొంగురుపోయి గుర్రుమంటుంది. ఒకే వాక్యంలో ఈ రెండూ వినిపిస్తే అది రోడ్సే. ధ్వని ఎడమకీ కుడికీ ఊగుతుంటే అది చాలాసార్లు సూట్‌కేస్ మోడల్‌లోని స్టీరియో వైబ్రాటో. వుర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానోలో కడ్డీ బదులు ఉక్కు రీడ్ ఉంటుంది, అందుకని కాస్త ముక్కుతో పలికినట్టు, పొట్టిగా ఉంటుంది. క్లావినెట్‌లో నిజంగా తీగలుంటాయి. మీట కింద ఉన్న రబ్బరు ముక్క తీగను లోహపు దిమ్మెకు నొక్కుతుంది. దాని శబ్దం తెగగొట్టినట్టు, పొడిగా ఉంటుంది. వావా పెడల్ తోడైతే గిటార్ అనుకుని మోసపోతారు.

ఇక మినీమూగ్. 1970లో వచ్చింది, 1981 దాకా తయారైంది. 44 మీటలు, మూడు ఆసిలేటర్లు, ఒకసారికి ఒక్క స్వరమే. మీటల ఎడమ పక్కన స్వరాన్ని వంచే చక్రం ఉంటుంది. మహావిష్ణు ఆర్కెస్ట్రా కీబోర్డ్ కళాకారుడు యాన్ హామర్ ఆ చక్రంతో సింథసైజర్‌ని గిటార్‌లా ఏడిపించాడు. మహావిష్ణు రికార్డుల్లో, బిల్లీ కోబమ్ ‘స్పెక్ట్రమ్’ (1973)లో, జెఫ్ బెక్ ‘వైర్డ్’ (1976)లో గిటార్ ఏదో, సింథసైజర్ ఏదో తేల్చుకోవడం మంచి సాధన. దానికి రెండు ఆనవాళ్ళు చెబుతాం. గిటార్‌లో తీగను లాగితే స్వరం పైకే వంగుతుంది. కిందికి వంచాలంటే ట్రెమలో కమ్మీ కావాలి. చక్రానికి పైకీ కిందికీ తేడా లేదు, కాబట్టి స్వరం ఆరంభంలోనే కిందికి జారితే చక్రం మీద అనుమానపడండి. రెండోది, గిటార్‌లో ప్రతి స్వరం మొదట్లో తీగను మీటే ప్లెక్ట్రమ్ తగిలిన చిన్న గీరుడు ఉంటుంది, సింథసైజర్‌లో ఉండదు.

ఒక చిక్కు: మినీమూగ్ ఒక్క స్వరమే పలుకుతుందన్నాం గానీ, మూడు ఆసిలేటర్లను వేర్వేరు స్వరాలకు అమర్చి పెట్టొచ్చు. అప్పుడు ఒక మీట నొక్కితే కార్డు వినిపిస్తుంది. అయితే ఆ కార్డు ఆకారం మారదు, మొత్తం ఒక్కటిగా పైకీ కిందికీ కదులుతుంది. లోపలి స్వరాలు విడివిడిగా కదిలితే అది వేరే వాయిద్యం.

1972లో వచ్చిన ఆర్ప్ ఒడిస్సీ ఒకేసారి రెండు స్వరాలు పలుకుతుంది. దాని ధ్వని మినీమూగ్ కంటే సన్నగా, పదునుగా ఉంటుంది. మొదటి మోడళ్ళలో వంపుకు చక్రం లేదు, గుండ్రటి నాబ్ మాత్రమే ఉంది. అందుకే ఒడిస్సీ సోలోల్లో హామర్ తరహా వంపులు తక్కువ. జావినుల్ వాడిన ఆర్ప్ 2600 ఇంకో ప్రపంచం. వెదర్ రిపోర్ట్ ‘బ్లాక్ మార్కెట్’ (1976)లో పేరు ట్రాక్ కోసం ఆయన మీటలు తలకిందులయ్యేలా అమర్చుకుని వాయించాడు, అంటే కుడికి వెళ్ళేకొద్దీ స్వరం దిగుతుంది. అలవాటైన వేళ్ళ కదలికలు పనికిరాకుండా చేసుకుని కొత్త రాగం వెతికాడన్న మాట.

మెలోట్రాన్, స్ట్రింగ్ మెషీన్ రెండూ వయొలిన్ల గుంపులా వినిపిస్తాయి, వీటిని కలగలపడం సహజం. మెలోట్రాన్‌లో ఒక్కో మీటకు ఒక్కో టేపు ముక్క ఉంటుంది, ఎనిమిది సెకన్ల తర్వాత టేపు అయిపోయి స్వరం ఆగిపోతుంది. శ్రుతి కాస్త వణుకుతుంది. సోలీనా లాంటి స్ట్రింగ్ మెషీన్‌లో వేలు తీసేదాకా స్వరం అలాగే నిలబడుతుంది, పైన ఒక సుడి తిరిగే మెరుపు ఉంటుంది. సెకన్లు లెక్కపెట్టండి, తేలిపోతుంది.

కాలం గుర్తుపట్టడానికి మూడు గీతలు చాలు. 1975లో ఓబర్‌హైమ్ ఫోర్ వాయిస్ వచ్చింది. దట్టమైన అసలు సింథసైజర్ కార్డులు విడివిడి స్వరాలతో కదులుతుంటే ఆ రికార్డు దాదాపు ఎప్పుడూ దీని తర్వాతిదే. 1978లో ప్రొఫెట్-5 చేసిన అమరికలను జ్ఞాపకం పెట్టుకోవడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి ఒకే ట్రాక్‌లో నాలుగైదు ధ్వనులు చకచకా మారతాయి. 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. గాజులా మెరిసే, అంచులు నునుపైన ఎలక్ట్రిక్ పియానో వినిపిస్తే గీత దాటేశారు. మా దృష్టిలో పాత ఫ్యూజన్ రుచి ఆ గీతకు ఇవతలే ఉంది. అవతల మంచి రికార్డులు లేవని కాదు, వెతకడం రెట్టింపు కష్టం.

పేరు పట్టుకుని తవ్వడం

దీనికి రికార్డుల వివరాలన్నీ నమోదు చేసే డిస్కాగ్స్ సైటుకు మించింది లేదు. మీకు నచ్చిన ఆల్బమ్ పేజీ తెరవండి. అన్ని విడుదలలనూ కలిపిన మాస్టర్ పేజీలో ఆగకుండా, మొదటి ఏడాది విడుదలనే ఎంచుకోండి. పేజీ కిందికి వెళితే క్రెడిట్స్ ఉంటాయి. ఎవరు ఏం వాయించారో అక్కడ చూడండి. ఒక పేరు నొక్కండి. ఆ కళాకారుడి పేజీలో సొంత రికార్డుల తర్వాత క్రెడిట్స్ విభాగం, అందులో వాయిద్యం వాయించినవి వేరుగా ఉంటాయి. దాన్ని ఏడాది వరసలో పెట్టండి. మీకు నచ్చిన రికార్డుకు మూడేళ్ళు ముందు, మూడేళ్ళు వెనక ఉన్నవే చూడండి. మిగతావి వదిలేయండి. ఈ మూడేళ్ళ నియమం చాలా ముఖ్యం. 1973లో అద్భుతంగా వాయించిన మనిషే 1984లో వేరే వాయిద్యాలతో, వేరే లోకంలో ఉంటాడు.

ఒక ఉదాహరణ చూడండి. హాంకాక్ ‘క్రాసింగ్స్’ (1972) నచ్చిందనుకుందాం. క్రెడిట్స్‌లో సింథసైజర్ దగ్గర ప్యాట్రిక్ గ్లీసన్ పేరు ఉంటుంది. ఆయన వెంట వెళితే హాంకాక్‌దే ‘సెక్స్‌టెంట్’ (1973) దొరుకుతుంది. ఇంకాస్త వెళితే అదే బృందంలోని ట్రంపెట్ కళాకారుడు ఎడీ హెండర్సన్ ‘రియలైజేషన్’ (1973), ట్రాంబోన్ కళాకారుడు జూలియన్ ప్రీస్టర్ ‘లవ్, లవ్’ (1974). అక్కడ ఈసీఎమ్ లేబుల్ కనబడింది కదా, అదే లేబుల్‌లో అదే బృందపు బెనీ మాపిన్ ‘ది జ్యువెల్ ఇన్ ది లోటస్’ (1974). ఒక్క పేరుతో మొదలై నాలుగు రికార్డులు, అన్నీ ఒకే కుటుంబం. నాయకుడి పేరు పెద్దదైతే రికార్డు అందరికీ తెలిసే ఉంటుంది. పక్కవాయిద్య కళాకారుడు నాయకుడైన రికార్డుల్లోనే దాగిన నిధులు ఎక్కువ.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. క్రెడిట్స్‌లో పేరు ఉన్నంత మాత్రాన అతను ఆల్బమంతా వాయించినట్టు కాదు. పేరు పక్కన ఏ1, బీ3 లాంటి గుర్తులుంటే ఆ ట్రాకుల్లో మాత్రమే ఉన్నాడని అర్థం. ఏ అంటే మొదటి వైపు, బీ అంటే రెండో వైపు, అంకె ఆ వైపున వరస. ముందు ఆ ట్రాక్ ఒక్కటీ విని చూడండి.

పేర్లు అయిపోయాక లేబుళ్ళ వెంట వెళ్ళండి. 1969లో మ్యూనిక్‌లో మాన్‌ఫ్రెడ్ ఐషర్ మొదలుపెట్టిన ఈసీఎమ్‌లో గాలి ఎక్కువ, మోత తక్కువ. క్రీడ్ టేలర్ నడిపిన సీటీఐలో రోడ్స్, వయొలిన్లు, నున్నటి లయ. డియోడాటో ‘ప్రెల్యూడ్’ (1973) దానిదే. జర్మనీ వైపు ఎంపీఎస్, బ్రెయిన్, స్కై లేబుళ్ళు చూడండి. డిస్కాగ్స్ వెతుకులాటలో శైలి దగ్గర ఫ్యూజన్, జాజ్-ఫంక్, బెర్లిన్-స్కూల్ అని ఎంచుకుని, దశాబ్దం 1970 పెట్టి, ఎక్కువమంది దాచుకున్నవి అనే వరసలో పెడితే తెలిసినవి వస్తాయి. ఆ మొదటి పేజీలు దాటి ఐదో పేజీ నుంచి చూడండి, అసలు పని అక్కడ మొదలవుతుంది. దేశం ఫిల్టర్ మారిస్తే మళ్ళీ కొత్త లోకం. జపాన్ పెడితే కాసియోపియా, ది స్క్వేర్, మసయోషి తకనాకా కనిపిస్తారు. జపాన్ కళాకారులను జపాను లిపిలోనే వెతకండి. పేజీలో ఉన్న లిపిని నకలు తీసి వెతుకులాటలో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలతో దొరకని రికార్డులు బయటికొస్తాయి.

హిప్‌హాప్ వినేవారికి ఇంకో దగ్గరి దారి ఉంది. హూశాంపిల్డ్ సైటులో మీకు నచ్చిన పాట పెట్టి, అందులో ఏ పాత ముక్క వాడారో చూడండి. బాబ్ జేమ్స్ 1974లో చేసిన ‘నాటిలస్’ ఎన్ని పాటల్లో తేలుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. శాంపిల్ దొరికాక అక్కడే ఆగిపోకుండా మొత్తం ఆల్బమ్ వినాలి.

నోటు పుస్తకం ఒకటి పెట్టుకోండి. ఏడాది, రికార్డు, ఎవరు, వాయిద్యం, నచ్చిన చోటు ఏ నిమిషంలో. చివరి గడి అన్నిటికంటే విలువైనది. బాగుంది అని రాసుకుంటే రెండు నెలల తర్వాత ఏం బాగుందో గుర్తుండదు. 6:20 దగ్గర రోడ్స్ బొంగురుపోతుంది అని రాసుకుంటే అదే లక్షణం ఇంకోచోట వెతకగలరు.

డ్రమ్స్ లేని దారి

‘ఫేడ్రా’ నచ్చినవారు తర్వాత టాంజరీన్ డ్రీమ్‌దే ‘రూబికాన్’ (1975), క్లాస్ షుల్జ్ ‘టైమ్‌విండ్’ (1975), మాన్యుయెల్ గొట్‌షింగ్ ‘న్యూ ఏజ్ ఆఫ్ ఎర్త్’ (1976) వినండి. గొట్‌షింగ్ ‘ఈ2-ఈ4’ 1981లో రికార్డయి 1984లో విడుదలైంది. దాదాపు గంటసేపు రెండే కార్డుల మీద నడుస్తుంది.

ఇక్కడ రాగం కోసం ఎదురుచూస్తే నిరాశే. మార్పు వేరే చోట జరుగుతుంది. వరస అదే ఉండగా ఫిల్టర్ (ధ్వనిలోని పదునైన పై భాగాన్ని కోసేది) నెమ్మదిగా తెరుచుకుని, మసకగా ఉన్న ధ్వని అంచులు తేలడం వినండి. మొత్తం వరస ఒక్కసారిగా ఇంకో శ్రుతికి ఎగరడం వినండి. సీక్వెన్సర్ ఎనిమిది మెట్లదైతే, ఎకో దాని మీద పడి మెట్ల మధ్య కొత్త స్వరాలు పుట్టడం వినండి. ఈ మూడూ పట్టుబడితే ఇరవై నిమిషాలు తెలియకుండా గడిచిపోతాయి.

ఇంకొంచెం రాగం కావాలంటే జాన్-మిషెల్ జార్ ‘ఆక్సిజెన్’ (1976), ఇసావో తొమితా ‘స్నోఫ్లేక్స్ ఆర్ డాన్సింగ్’ (1974) ఉన్నాయి. రెండోది డెబూసీ పియానో రచనలను మూగ్ మీద ఒక్కొక్క స్వరంగా కట్టింది. వేళ్ళూనుకున్న చోటు చూడాలంటే మోర్టన్ సబోట్నిక్ ‘సిల్వర్ యాపిల్స్ ఆఫ్ ది మూన్’ (1967), వెండీ కార్లోస్ ‘స్విచ్డ్-ఆన్ బాక్’ (1968). కార్లోస్ రికార్డులు స్ట్రీమింగ్‌లో సాధారణంగా ఉండవు, ఆ పేరుకు దగ్గరగా ఉన్న అనుకరణలు మాత్రం బోలెడు తగులుతాయి. పాత సీడీనో ఎల్‌పీనో వెతుక్కోవడమే దారి. భారతదేశం వైపు నుంచి చరణ్‌జీత్ సింగ్ 1982లో రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 మీద పది రాగాలను డిస్కో లయలో వాయించిన రికార్డు తప్పక వినండి. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు ప్రపంచమంతా వెతుక్కుంటోంది.

ఒక ధ్వనిని మీరే చేసి చూడండి

వాయించడం రాకపోయినా సరే, ఒక గంట ఇది చేస్తే చెవి బాగా తెరుచుకుంటుంది. సర్జ్ ఎక్స్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సింథసైజర్ కంప్యూటర్‌లో పెట్టుకోండి. ఖాళీ అమరికతో మొదలుపెట్టి రెండు ఆసిలేటర్లనూ సా (saw, రంపపు పళ్ళ ఆకారపు) తరంగానికి మార్చండి. రెండో దాన్ని 5 నుంచి 7 సెంట్లు పైకి జరపండి. నూరు సెంట్లంటే ఒక అర మెట్టు. రెండూ కొద్దిగా తేడాగా ఉండటం వల్ల ధ్వని నెమ్మదిగా ఉబ్బి తగ్గుతుంది. 440 హెర్ట్జ్, 441 హెర్ట్జ్ కలిస్తే సెకనుకొక ఉబ్బు. పాత సింథసైజర్ల లావుపాటి ధ్వనికి మూలం ఇదే. తర్వాత 24 డెసిబెల్ లో-పాస్ ఫిల్టర్ పెట్టి కటాఫ్ (ఫిల్టర్ కోయడం మొదలుపెట్టే హద్దు) 300 హెర్ట్జ్ దగ్గరికి దించండి. రెజొనెన్స్ (ఆ హద్దు దగ్గరి ధ్వనిని ఎత్తి చూపేది) ఐదో వంతు. ఫిల్టర్ ఎన్వలప్ (మీట నొక్కాక ఫిల్టర్ ఎలా కదలాలో చెప్పే అమరిక)లో డికే, అంటే తగ్గడానికి పట్టే సమయం, 250 మిల్లీసెకన్లు; సస్టెయిన్, అంటే నిలిచే ఎత్తు, బాగా తక్కువ. కింది మీటలు నొక్కితే 1970ల బేస్ మీ ముందు ఉంటుంది.

మోనో మోడ్ (ఒకసారికి ఒక్క స్వరమే) పెట్టి, గ్లైడ్ 60 మిల్లీసెకన్లు ఇవ్వండి. స్వరం నుంచి స్వరానికి జారుతుంది.  ధ్వని బురదగా ఉంటే రెండో ఆసిలేటర్ మరీ ఎక్కువ జరిగింది, 20 సెంట్లు దాటితే బేస్‌లో శ్రుతి తెలియదు. ప్రతి స్వరం మొదట్లో టప్పుమంటే ఎన్వలప్ ఎటాక్ సున్నా మీద ఉంది, 3 మిల్లీసెకన్లకు పెంచండి. ఇప్పుడు కటాఫ్ ఒక్కటే పట్టుకుని నెమ్మదిగా పైకి తిప్పండి. ఆ మార్పు ఒకసారి చేత్తో చేశాక ‘రూబికాన్’ మళ్ళీ వింటే ఎవరో నాబ్ తిప్పుతున్న చోటల్లా మీకు తెలుస్తుంది.

ఎల్‌పీ కొనేవారికి

వేల రికార్డులు అక్కర్లేదు, నోటు పుస్తకంలో మూడుసార్లు కనిపించినవే కొనండి. అమ్మేవాళ్ళు వీజీ (వెరీ గుడ్) ప్లస్ అంటే చిన్న గీతలున్నా బాగా పలుకుతుందని, వీజీ అంటే చిటపటలు వినిపిస్తాయని, గుడ్ అంటే పేరుకు మంచిదే గానీ నిజానికి బాగా అరిగిందని. డ్రమ్స్ లేని నెమ్మదైన సింథసైజర్ రికార్డులకు వీజీ ప్లస్ కంటే కిందికి దిగొద్దు, ప్రతి చిటపటా బయటపడుతుంది. ఫంక్ రికార్డు వీజీలో కూడా వినొచ్చు.

బలమైన దీపం కింద పలకను ఏటవాలుగా పట్టుకోండి. గీత మీద గోరు తగిలితే అది మోగుతుంది. నల్లదనం తగ్గి బూడిద రంగు తేలితే గాడి అరిగిపోయింది, ఏం కడిగినా బాగుపడదు. కంటి ఎత్తులో అడ్డంగా పెట్టి వంకర చూడండి. సూది బరువు మీ కార్ట్‌రిడ్జ్ (సూది అమర్చి ఉండే భాగం) తయారీదారు చెప్పినంతే పెట్టండి. మూవింగ్ మాగ్నెట్ రకాల్లో అది తరచుగా 1.5 నుంచి 2 గ్రాముల మధ్య ఉంటుంది. తక్కువైతే గాడికి మేలని తగ్గించేవాళ్ళున్నారు, అప్పుడు బరువైన సింథసైజర్ బేస్ దగ్గర సూది ఎగిరి గాడి గోడను గీస్తుంది.

ఒక వైపు 25 నిమిషాలు దాటితే గాళ్ళు ఇరుకై ధ్వని ఎత్తూ బేస్ తగ్గుతాయి, అది మీ పరికరం లోపం కాదు. కేంద్రానికి దగ్గరయ్యేకొద్దీ ధ్వని గరగరలాడటం కూడా ఈ రకం రికార్డుల్లో ఎక్కువ వినిపిస్తుంది. ముందు సూది శుభ్రం చేసి, కార్ట్‌రిడ్జ్ కోణం సరిచూసి, అప్పటికీ పోకపోతే రికార్డు అరిగిందనుకోండి. చివరగా, కొలంబియా లేబుల్ వాళ్ళ 1970ల రికార్డుల్లో అట్ట మీద క్వాడ్రఫోనిక్ అని ఉంటే అది నాలుగు స్పీకర్ల కోసం వేరేగా మిక్స్ చేసింది. ‘హెడ్ హంటర్స్’కూ అలాంటిది ఉంది. మామూలు టర్న్‌టేబుల్ మీద పలుకుతుంది గానీ వాయిద్యాల ఎత్తులు మీకు అలవాటైనట్టు ఉండవు. మొదటి కాపీగా స్టీరియోదే తీసుకోండి, క్వాడ్ కాపీ రెండోదిగా బాగుంటుంది.